విశాఖ నుంచి పూరీ యాత్ర: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంవీపీ కాలనీలో అడిగినా గాజువాకలో అడిగినా పూరీ వెళ్ళేవాళ్ళ సందేహాలు ఇంచుమించు ఒకటే. ఏ రైలు, ఎన్ని రోజులు, పండాలతో (యాత్రికులకి దర్శనం చేయించే గుడి పూజారులతో) ఎలా, అమ్మ నడవగలదా, తిండి సంగతేంటి. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాశాను. పూరీలో దర్శనం వేళ మన చేతిలో ఉండదన్న సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. దాన్ని బట్టే మిగతా ప్లానంతా.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి? శని, ఆదివారాల్లో అయిపోదా?

అవుతుంది, అదృష్టం బాగుంటే. నన్నడిగితే పూరీలో మూడు రాత్రులు ఉండండి, రానూపోనూ రైలు వేరే లెక్క.

కారణం చెప్తాను. జగన్నాథుడి ఆలయంలో రోజంతా ‘నీతులు’ నడుస్తాయి. నీతి అంటే స్వామికి జరిగే సేవ. తెల్లవారుజామున తలుపులు తీసి మంగళ హారతి ఇస్తారు. తర్వాత అవకాశం, అంటే పళ్ళు తోమించడం, స్నానం. ఆపైన వేషం, గోపాలవల్లభ భోగం అనే ఫలహారం, పొద్దుటి ధూపం, మధ్యాహ్న ధూపం, సంధ్యా ధూపం, చివరికి రాత్రి బడసింగార. ఇక్కడ ధూపమంటే నైవేద్యమే. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. పొద్దున్న ఒక సేవ గంట ఆలస్యమైతే మిగతావన్నీ గంట జరుగుతాయి. మనం వెళ్ళేసరికి లోపల భోగం నడుస్తుంటే ఆగాల్సిందే. దీనికి తోడు ‘బనకలాగి’ అని స్వామి ముఖానికి రంగులు దిద్దే రహస్య సేవ ఒకటుంది. ఎక్కువగా బుధవారమో గురువారమో పడుతుంది, కొన్ని గంటలపాటు దర్శనం ఉండదు. పొద్దున దిగి సాయంత్రం రైలెక్కే ప్లాను ఆ రోజున పడితే ధ్వజానికి దణ్ణం పెట్టుకుని తిరిగిరావడమే.

మూడు రాత్రులుంటే ఒక దర్శనం హడావిడిగా అయినా ఇంకోటి నెమ్మదిగా అవుతుంది. చాలామందికి రెండో దర్శనంలోనే ఆ గుండ్రటి కళ్ళు నిలబడి చూసే వీలు దొరుకుతుంది.

తిరుమలలో లాగా ముందే ఆన్‌లైన్లో టికెట్టు తీసుకోవచ్చా?

ఇంట్లో కూర్చుని 300 రూపాయల టికెట్టు కొని, టైము చూసుకుని వెళ్ళే పద్ధతి ఇక్కడ లేదు. మామూలు దర్శనం ఉచితం, లైన్లో నిలబడి వెళ్ళడమే. ఆలయం పేరు చెప్పి దర్శనం టికెట్లు అమ్ముతామనే ఫోన్లు, వెబ్‌సైట్లు నమ్మకండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా హాయిగా ఉంటుంది. క్రిస్మస్ సెలవులు, జనవరి 1 మాత్రం వదిలేయండి, కొత్త సంవత్సరం రోజు ఇసకేస్తే రాలదు. కార్తీకం పుణ్యకాలమే కానీ ఒడిశా నలుమూలల నుంచి హవిష్య వ్రతం పట్టిన ఆడవాళ్ళు వచ్చి పూరీలోనే మకాం వేస్తారు. చివరి అయిదు రోజులు, అంటే పంచుక, మరీ రద్దీ. స్వామికి రోజుకో వేషం వేస్తారు కాబట్టి చూడముచ్చటగా ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్ళు వెళ్ళొచ్చు.

అక్టోబరు, నవంబరుల్లో తుపానుల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదికే వచ్చింది, 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటింది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే ఈ లైన్లో ముందు ఆగేవి రైళ్ళే. ఆ నెలల్లో వెళ్తే కాన్సిల్ చేసుకునే వీలున్న గదే తీసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో ఆవరణలోని రాళ్ళు కాలిపోతుంటాయి. వెళ్ళక తప్పకపోతే తెల్లవారుజామునో, పొద్దుగూకాకో దర్శనం పెట్టుకోండి.

వెళ్తే దర్శనమే దొరకని రోజులు ఉంటాయట. నిజమేనా?

నిజమే. తెలియక వెళ్ళి బాధపడినవాళ్ళు మనలోనే చాలామంది. జ్యేష్ఠ పూర్ణిమ నాడు స్నానయాత్ర. ఆ రోజు 108 కుండల నీళ్ళతో స్వాములకి స్నానం చేయిస్తారు. ఆ తర్వాత జ్వరం వచ్చిందని పక్షం రోజులు లోపలే ఉంచుతారు. దీన్ని అనసర అంటారు. ఆ పదిహేను రోజులూ దేవుళ్ళు కనబడరు, వాళ్ళ బదులు గుడ్డ మీద గీసిన పటాలకి పూజ జరుగుతుంది. అప్పుడు భక్తులు పూరీకి పాతిక కిలోమీటర్ల దూరంలో బ్రహ్మగిరిలో ఉన్న అలారనాథుడి దగ్గరికి వెళ్తారు. అక్కడి పాయసం ప్రసాదానికి పేరు.

తర్వాత ఆషాఢ శుద్ధ విదియ నాడు రథయాత్ర. అక్కడి నుంచి దేవుళ్ళు గుండిచా మందిరంలో ఉంటారు, పెద్ద గుడిలో ఉండరు. కాబట్టి జూన్, జూలై నెలల్లో టికెట్టు తీసే ముందు ఒక్కసారి పంచాంగం తెరవండి.

రథయాత్రకే వెళ్దామనుకుంటున్నాం. పిల్లలు, పెద్దవాళ్ళు కూడా వస్తారు.

పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే మొదటిసారి రథయాత్రకి వద్దనే అంటాను. బడదండ అనే ఆ వెడల్పాటి రాజవీధి, గుడి నుంచి గుండిచా దాకా సుమారు మూడు కిలోమీటర్లు, ఆ రోజు మనుషులతో నిండిపోతుంది. ఎండ, ఉక్కపోత, తోపులాట. మీ గది గుడికి అరకిలోమీటరులో ఉన్నా చేరడానికి గంటలు పట్టొచ్చు.

గట్టిగా ఉన్నవాళ్ళు మాత్రం జీవితంలో ఒకసారి చూడాల్సిందే. జగన్నాథుడి రథం నందిఘోషకి 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. ఏటా కొత్త కర్రతో కడతారు. తిరుగు రథయాత్ర అయ్యాక ఏకాదశి నాడు రథాల మీదే స్వాములకి బంగారు ఆభరణాలు తొడుగుతారు, అదే సునావేష. రథాలు లాగే రోజు కంటే కాస్త ఊపిరి ఆడుతుందని కొందరు ఆ రోజుకే వెళ్తారు, అయినా లక్షల్లోనే జనం. రైల్వే ప్రత్యేక రైళ్ళు వేస్తుంది, గది మాత్రం నెలల ముందే చూసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళకి రథం చూడాలని ఉంటే మన పాతనగరం జగన్నాథస్వామి గుడి ఉండనే ఉంది. ఇక్కడా స్వామి రథమెక్కి టర్నర్ సత్రానికి వెళ్తాడు, దశావతార అలంకారాలు చేస్తారు.

ఏ రైలు ఎక్కాలి?

రైలు దారిన సుమారు 470 కిలోమీటర్లు. నేరుగా పూరీ వెళ్ళేవాటిలో తిరుపతి–పూరీ ఎక్స్‌ప్రెస్ మనకి బాగా తెలిసింది. అది దొరక్కపోతే బెంగ పడకండి. భువనేశ్వర్, హౌరా వైపు వెళ్ళే రైలు ఏదైనా సరే, ఖుర్దారోడ్ జంక్షన్‌లో ఆగితే చాలు. అక్కడి నుంచి పూరీ 44 కిలోమీటర్లు, పాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు వస్తూనే ఉంటాయి. ఖుర్దారోడ్ దాకా ఎంచుకోవడానికి బోలెడు రైళ్ళుంటాయి, పూరీ దాకా వెతికితే వెయిటింగ్ లిస్టే కనిపిస్తుంది.

మధ్యాహ్నం మన స్టేషన్లో బయల్దేరే భువనేశ్వర్ వందే భారత్ కూడా ఉంది. రాత్రికి భువనేశ్వర్‌లో దింపుతుంది. అక్కడ పడుకుని పొద్దున్నే లింగరాజస్వామిని చూసుకుని పూరీ వెళ్ళే ప్లానుకి బాగా కుదురుతుంది. పెద్దవాళ్ళతో అయితే రాత్రంతా బెర్తులో పడుకుని వెళ్ళే రైలే నయం.

ఇంకో సంగతి. మన స్టేషన్‌కి వస్తే ఇంజను వెనక్కి మార్చుకోవాలి కాబట్టి కొన్ని దూరప్రయాణపు రైళ్ళు వైజాగ్ రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. టికెట్టు మీద ఎక్కే స్టేషను దువ్వాడ అని ఉంటే రాత్రి పదింటికి ద్వారకానగర్ నుంచి ఎంతసేపు పడుతుందో ముందే లెక్కేసుకోండి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాతలాగా నాలుగు నెలలు కాదు. తత్కాల్ ఆన్‌లైన్లో తీయాలంటే ఆధార్ ధ్రువీకరణ అయి ఉండాలి. 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి కింది బెర్తు కోటా ఉంది, బుక్ చేసేటప్పుడు అది ఎంచుకోండి.

కారులో వెళ్ళొచ్చా?

భేషుగ్గా. 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా వెళ్ళి ఖుర్దా తర్వాత పూరీ వైపు తిరగాలి. ఆగుతూ వెళ్తే పగలంతా పడుతుంది. కారు సౌకర్యం దారిలో ఉంది: అరసవల్లి సూర్యనారాయణుడు, శ్రీకూర్మం, కొంచెం లోపలికి వెళ్తే శ్రీముఖలింగం. వీలైతే ముఖలింగం వదలకండి. పూరీ గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడి వంశానికి ఒకప్పటి రాజధాని కళింగనగరం అదే. శిల్పం చూస్తే ఆ పోలికలు మీకే తెలుస్తాయి. వీటన్నిటికీ ఒక రోజు అదనంగా వేసుకుని, శ్రీకాకుళంలోనో బరంపురంలోనో పడుకోండి. బరంపురంలో తెలుగు బాగా నడుస్తుంది.

ఒకే రోజులో అన్ని గుళ్ళూ చూసేసి రాత్రికి పూరీ చేరదామంటే డ్రైవరు ఎవరో ముందు వాళ్ళనడగండి.

గది గుడి దగ్గర తీసుకోవాలా, సముద్రం దగ్గరా?

దర్శనం ముఖ్యమైతే గుడి వైపు, పిల్లలతో వెళ్తే సముద్రం వైపు. ఆలయ పాలకవర్గం నడిపే నీలాచల, నీలాద్రి, పురుషోత్తమ, గుండిచా భక్తనివాసాలున్నాయి. ఆలయం అధికారిక వెబ్‌సైట్లోనే బుక్ చేసుకోవచ్చు. త్వరగా నిండిపోతాయి. స్వర్గద్వారం దగ్గర లాడ్జీలు ఎక్కువ, గోల కూడా ఎక్కువ. అక్కడే శ్మశానం ఉంది, చూసి బెంబేలెత్తేవాళ్ళు ఇంకోవైపు తీసుకోండి.

గుడి చుట్టూ పరిక్రమ మార్గం 2024 జనవరిలో తెరిచాక వాహనాలు సింహద్వారం, అంటే గుడి ముఖ్యద్వారం, దాకా రానివ్వడం లేదు. “గుడికి రెండు నిమిషాలు” అని లాడ్జివాళ్ళు చెప్పేది నడిచా, ఆటోలోనా అని అడగండి.

పండా లేకుండా దర్శనం అవుతుందా?

అవుతుంది. లైన్లో వెళ్తే ఎవరి సాయమూ అక్కర్లేదు. అయితే పండాలందరినీ దోచుకునేవాళ్ళ కింద జమకట్టడం కూడా సరికాదు. తరతరాలుగా ఫలానా ప్రాంతం యాత్రికులు ఫలానా ఇంటివాళ్ళ బాధ్యత అన్న ఏర్పాటు అక్కడ ఉంది. మీ తాతగారు ఎప్పుడైనా వెళ్ళి ఉంటే ఊరు, ఇంటిపేరు చెప్పగానే పాత బహీలు, అంటే యాత్రికుల పేర్లు రాసిన పుస్తకాలు, తిరగేసి చూపించే ఇళ్ళున్నాయి. తెలుగు వచ్చిన పండాలూ ఉన్నారు. ఆవరణలో విమలాదేవి, మహాలక్ష్మి, కంచి గణపతి లాంటి ఉపాలయాలు చాలా ఉన్నాయి. ఏది ఎక్కడో, ఏ కథో తెలిసినవాడు పక్కనుంటే చూసే తీరే వేరు.

చిక్కంతా స్టేషన్లోనో, గేటు దగ్గరో చేయి పట్టుకునేవాళ్ళతోనే. మాకు తెలిసిన ఒక కుటుంబాన్ని ఉపాలయాల దగ్గర ఒక్కొక్కచోట పళ్ళెం ముందు నిలబెట్టి, పితృదేవతల పేరు చెప్పి వేలల్లో సంకల్పం చదివించారు. సంకల్పంలో అంకె నోట్లోంచి వచ్చాక ఇవ్వనంటే మనకే మనసు పీకుతుంది. అందుకని మూడు పనులు చేయండి. లాడ్జిలోనో తెలిసినవాళ్ళ ద్వారానో పండాని మాట్లాడుకోండి. ఎంత ఇచ్చేదీ, అందులో ఏమేం వచ్చేదీ బయటే తేల్చుకోండి. లోపల ఎవరైనా తల మీద బెత్తంతో తట్టినా, చేతిలో పువ్వు పెట్టినా “హుండీలో వేస్తామండీ” అని నమస్కారం పెట్టి ముందుకు కదలండి. గొడవ పడకండి, వాదించే కొద్దీ నలుగురు చేరతారు.

లోపలికి ఏవి తీసుకెళ్ళకూడదు? బట్టల నియమం ఉందా?

ఫోన్లు, కెమెరాలు, తోలు వస్తువులు కుదరవు. మగవాళ్ళు బెల్టు, పర్సు మర్చిపోయి లైను చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తుంటారు. గదిలోనే వదిలేయండి. 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చిరుగుల జీన్సు, చేతుల్లేని జాకెట్ల లాంటివి వేసుకుంటే రానివ్వడం లేదు. పాన్, గుట్కా, ప్లాస్టిక్ కూడా బంద్. పంచె, చీర, చుడీదార్, మామూలు ప్యాంటు, ఏదైనా పర్వాలేదు.

ఫోను ఉండదంటే రెండు సంగతులు. ఒకటి, ఫోన్‌పే లేదు. ప్రసాదానికి, దక్షిణకి పది, ఇరవై, యాభై నోట్లు గుడ్డ సంచిలో పెట్టుకోండి. రెండోది, తప్పిపోతే ఫోన్ చేసే దారి లేదు. లోపలికి వెళ్ళకముందే “ఎవరు విడిపోయినా అరుణస్తంభం దగ్గరికి వచ్చి నిలబడాలి” అని అందరికీ చెప్పండి. సింహద్వారం ఎదురుగా వీధిలో ఉండే నల్లటి ఏకశిలా స్తంభం అది. కోణార్క్ నుంచి తెచ్చి నిలబెట్టినది. పెద్దవాళ్ళ కొంగుకి లాడ్జి పేరు, మీ నంబరు రాసిన చీటీ కట్టండి. నాలుగు ద్వారాలూ 2024 జూన్ నుంచి తెరిచే ఉంచుతున్నారు కాబట్టి ఒక ద్వారంలో వెళ్ళి వేరే ద్వారంలో తేలడం మామూలే.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. చూడగలదా?

సింహద్వారం నుంచి లోపలికి 22 మెట్లు, బైసీ పహచ అంటారు. ఎత్తు కాదు కానీ జనం మధ్య ఎక్కాలి. గుడి దాకా పెద్దవాళ్ళకి బ్యాటరీ బండ్లు తిరుగుతాయి, చక్రాల కుర్చీ కూడా అడగొచ్చు. లోపల ఇద్దరు చెరోపక్కా పట్టుకోవాలి, గర్భగుడి దగ్గర నేల తడిగా ఉంటుంది. మరీ తెల్లవారుజామున కాకుండా, పొద్దున్న రద్దీ కాస్త తగ్గాక తీసుకెళ్ళండి. శని, ఆది, ఏకాదశి, సంక్రాంతి రోజులు వద్దు.

మాతో హిందువులు కాని స్నేహితులు వస్తున్నారు.

గుడి లోపలికి ప్రవేశం లేదు, భువనేశ్వర్ లింగరాజ ఆలయంలోనూ అంతే. సింహద్వారం దగ్గర పతితపావనుడి రూపంలో జగన్నాథుడు వీధిలోకి కనిపించేలా ఉంటాడు, అక్కడ ఎవరైనా దణ్ణం పెట్టుకోవచ్చు. రథయాత్రలో స్వామే బయటికి వస్తాడు కాబట్టి ఏ అడ్డూ లేదు. కోణార్క్‌కి అందరూ రావచ్చు.

భోజనం మాటేమిటి? మాకు అన్నం, పప్పు ఉండాలి.

పూరీ వెళ్ళి హోటల్లో మధ్యాహ్న భోజనం చేస్తే ఏం లాభం? ఆవరణలోనే ఆనందబజార్ ఉంది. అక్కడ మహాప్రసాదం దొరుకుతుంది. జగన్నాథుడికి నివేదించాక విమలాదేవికి పెడతారు, అప్పుడే అది మహాప్రసాదం అవుతుంది. వంటంతా కట్టెల పొయ్యి మీద, మట్టికుండల్లో. ఉల్లి, వెల్లుల్లి సరే, బంగాళాదుంప, టమాటా కూడా తగలనివ్వరు.

మధ్యాహ్న ధూపం అయ్యాక వెళ్ళండి. కావడికి కట్టిన కుండల వరసలతో వంటవాళ్ళు పరుగులాంటి నడకతో వస్తుంటారు, పక్కకి తప్పుకోకపోతే అరుస్తారు. కుండ మూతి మీద ఆకు తీస్తే నెయ్యివాసనతో ఆవిరి మొహానికి కొడుతుంది. తెల్లన్నం, తియ్యటి పసుపన్నం లాంటి కనిక, కూరముక్కలు వేసిన పప్పు డాల్మా, ఆవపెట్టిన బేసర, ఆకుకూర, పుల్లటి ఖట్టా, పాయసం. ధర ముందే అడగండి, రెండు మూడు చోట్ల అడిగితే ఇంకా మంచిది. కుండ లెక్కన కొంటే నలుగురికి సరిపోతుంది. అరిటాకు వేసుకుని నేల మీదే కూర్చుని తినాలి, మెతుకు పారేయకూడదు. పక్కన కూర్చున్నది ఎవరని అడగరు, ఒకే కుండలోంచి ఎవరైనా తింటారు. ఆ పద్ధతి ఈనాటిది కాదు.

పెరుగు లేకపోతే గడవని వాళ్ళు సాయంత్రం బయట తెచ్చుకోండి. మన టిఫిన్లు దొరికే హోటళ్ళూ ఉన్నాయి.

ఏకాదశి నాడు వెళ్తే ఉపవాసం?

పూరీలో ఏకాదశికి మహాప్రసాదం మానరు. అక్కడ ఏకాదశిని కట్టేశారని స్థలపురాణం చెప్తుంది. మీ ఇంటి ఆచారం గట్టిదైతే పండ్లు తినండి, ఎవరూ ఏమీ అనరు.

ఇంటికి ఏం తేవాలి?

ఖాజా. మన తాపేశ్వరం మడతకాజాకి దగ్గరి చుట్టం లాంటిది, పొరలు కనబడతాయి కానీ పాకం కారదు, కాబట్టి సంచి పాడవదు. దానితో పాటు నిర్మాల్యం, అంటే ఎండబెట్టిన మహాప్రసాదం అన్నం, చిన్న గుడ్డసంచుల్లో అమ్ముతారు. పూజగదిలో ఉంచుకుని మంచిరోజున ఒక మెతుకు వేసుకుంటారు.

అక్షయ తృతీయకి సింహాచలమా, పూరీయా?

మన ఊరివాళ్ళు మాత్రమే అడిగే ప్రశ్న ఇది. ఆ రోజు మనకి అప్పన్న నిజరూప దర్శనం, అక్కడ చందనయాత్ర ఆరంభం, రథాల తయారీకి శ్రీకారం. నిజరూపం ఏడాదికి ఒక్కరోజే. చందనయాత్ర మూడు వారాలపాటు నరేంద్ర పుష్కరిణిలో పడవల మీద సాగుతుంది. కాబట్టి ఆ రోజు కొండకే వెళ్ళి, తర్వాతి వారం పూరీ పెట్టుకోండి.

చుట్టుపక్కల ఏమేం చూడాలి?

ఒక రోజు కోణార్క్‌కి ఇవ్వండి. 35 కిలోమీటర్లు, సముద్రం పక్కనే దారి. 13వ శతాబ్దంలో నరసింహదేవుడు కట్టించాడు. ఆయన కాలంలోనే సింహాచలం గుడికీ ఇప్పుడున్న రూపం చాలావరకు వచ్చింది. 24 చక్రాలు, ఏడు గుర్రాల రథం. పూజ లేదు. ప్రధాన గోపురం ఎప్పుడో కూలిపోయింది, మిగిలిన ముఖమండపాన్ని ఇసుకతో నింపి మూసేశారు. పది దాటితే ఎండ భరించలేం, పొద్దున్నే వెళ్ళండి. గైడుని పెట్టుకోండి, చక్రం మీద నీడతో టైము చెప్పి చూపిస్తారు, పిల్లలకి అదే గుర్తుంటుంది.

సాక్షిగోపాల్ ఖుర్దారోడ్–పూరీ లైన్లోనే ఉంది, యాత్ర చేశామనడానికి ఆయనే సాక్షి అని నమ్మకం. చిలికాలో డాల్ఫిన్లకి సాతపడా వెళ్ళాలి, సగం రోజు పైనే. డాల్ఫిన్ వీపు కనబడిందా, అలా అనిపించిందా అన్న వాదన పడవలో తప్పదు. తోచకపోతే మానేయండి, రైల్లోంచి బాలుగావ్, రంభా దగ్గర చిలికా ఎలాగూ కనబడుతుంది.

కోణార్క్, ధౌళి, లింగరాజ, నందన్‌కానన్ అన్నీ ఒకే రోజులో చూపించే బస్సులుంటాయి. వాటిలో గుడి దగ్గర కంటే బట్టల దుకాణం దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. నలుగురుంటే కారు మాట్లాడుకోండి.

సాయంత్రం గుడి దగ్గర ఏం చూడాలి?

ధ్వజం మార్చడం. రోజూ పొద్దుగూకే వేళ సేవకుడొకడు ఏ ఆధారం లేకుండా గోపురం ఎక్కి నీలచక్రానికి కొత్త జెండాలు కడతాడు. బయట నుంచీ కనబడుతుంది. అరగంట ముందే వెళ్ళి నిలబడండి.

సముద్ర స్నానం? మనకి ఆర్కే బీచ్ అలవాటే కదా.

ఆర్కే బీచ్‌లో ఎన్ని ప్రాణాలు పోయాయో తెలిసినవాళ్ళే ఇలా అడగడం విచిత్రం. పూరీలోనూ అల లాగుతుంది. తీర్థస్నానం మోకాళ్ళ లోతులో చాలు. ఒడ్డున కోసు టోపీలతో నులియాలుంటారు, ముసలివాళ్ళ చేయి పట్టుకుని ముంచి తెస్తారు. వాళ్ళలో చాలామంది మన తీరం నుంచి వెళ్ళి పూరీలోని పెంటకటలో స్థిరపడ్డ జాలరి కుటుంబాలవాళ్ళే. తెలుగులో పలకరించండి, ఊరేదని అడుగుతారు.

ఒడియా రాదు, హిందీ అంతంత మాత్రం.

గడిచిపోతుంది. ‘కేతే’ అంటే ఎంత, ‘ఆస్తే’ అంటే మెల్లగా. ఈ రెండూ చాలు.

తిరుగు టికెట్టు ఎప్పటికి తీయాలి?

మూడో రాత్రి గడిచిన మర్నాటి సాయంత్రానికి. పొద్దున రైలు తీస్తే చివరి దర్శనానికి, ఖాజా కొనడానికి టైముండదు. ఖుర్దారోడ్‌లో మారేటట్టయితే రెండు రైళ్ళ మధ్య కనీసం రెండు గంటలు ఉంచుకోండి.